చీజ్ పాస్తా బేక్: ఎండిపోకుండా, నూనె తేలకుండా రావాలంటే కొలతలు, ఓవెన్ లెక్కలు

నక్కలగుట్ట_వంటిల్లు:
అందరికీ నమస్తే. వైట్ సాస్‌తో పెన్నె పాస్తా బేక్ చేయడానికి కొలతలు కావాలి. తినేది ఎనిమిది మంది, అందులో ముగ్గురు పిల్లలు. ఉన్న సామాను 28 లీటర్ల ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్), 2 లీటర్ల గాజు బేకింగ్ గిన్నె, దాదాపు అంతే పట్టే స్టీల్ ట్రే. గుడ్డు వద్దు. వీడియోలలో అంతా కప్పుల లెక్కే, ఒక్కొక్కరి కప్పు ఒక్కో సైజు, అందుకే గ్రాముల్లో చెప్పండి. రెండు డౌట్లు: పొయ్యి మీద జారుగా ఉన్న సాస్ ఓవెన్‌లోంచి తీసేసరికి ఎందుకు గడ్డకడుతుంది? పైన పసుపు నూనె ఎందుకు తేలుతుంది?

సుబేదారి_బేకర్:
2 లీటర్ల గిన్నెకు సరిపోయే లెక్క రాస్తున్నా. ఇది నలుగురికి. మీరు రెండింతలు చేసి గాజు గిన్నెలో సగం, స్టీల్ ట్రేలో సగం సర్దుకోండి.

పెన్నె 250 గ్రాములు
టోన్డ్ పాలు 650 మి.లీ.
బటర్ 35 గ్రాములు, మైదా 30 గ్రాములు (తలకొట్టిన టేబుల్ స్పూన్లు నాలుగు)
ప్రాసెస్డ్ చీజ్ 125 గ్రాములు, అంటే 25 గ్రాముల క్యూబులు ఐదు. ఇది సాస్‌లోకి
మోజరెల్లా 120 గ్రాములు, పైన చల్లడానికి
స్వీట్ కార్న్ గింజలు 100 గ్రాములు, క్యాప్సికం ఒకటి, ఉల్లిగడ్డ ఒకటి, ఎల్లిగడ్డ నాలుగు రెబ్బలు
మిరియాల పొడి అర టీస్పూన్, జాజికాయ చిటికెడు
బ్రెడ్ పొడి 30 గ్రాములు, అందులో కలపడానికి కరిగించిన బటర్ 10 గ్రాములు

రెండున్నర లీటర్ల నీళ్లు తెర్లనిచ్చి 20 గ్రాముల ఉప్పు వేయండి. ఉప్పు ఎక్కువ అనిపిస్తుంది కానీ చాలావరకు నీళ్లతోపాటే పోతుంది. పాస్తా వేశాక మొదటి నిమిషం కలపాలి, అంటుకునేది అప్పుడే. ప్యాకెట్ మీద ఎన్ని నిమిషాలు రాసి ఉంటే అందులో మూడు తగ్గించి దించేయండి. కొరికితే మధ్యలో సన్నగా తెల్ల చుక్క కనిపించాలి. ఒక గ్లాసు ఉడికిన నీళ్లు పక్కన దాచుకుని మిగతావి వంపేయండి.

మందపు గిన్నెలో బటర్ కరిగాక మైదా వేసి సన్న మంట మీద రెండు నిమిషాలు. పచ్చి వాసన పోవాలి, రంగు మారకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు ముందు 100 మి.లీ. పోసి ముద్దలా కలిపి, తర్వాత మిగతావి మూడు విడతలుగా. ఒకసారి ఉడుకు పట్టాలి, ఆ పైన ఇంకో మూడు నిమిషాలు సన్న మంట. ఉడుకు రాకముందే దించితే మైదా పూర్తిగా పనిచేయదు, పిండి రుచి వస్తుంది. మంట ఆపి రెండు నిమిషాలు ఆగాకే తురిమిన ప్రాసెస్డ్ చీజ్, మిరియాలు, జాజికాయ. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి. బటర్‌లో ఉంది, చీజ్‌లో ఉంది, చాలాసార్లు అసలు అవసరమే పడదు.

ఇక గడ్డకట్టడం సంగతి. మూడు చోట్ల నీళ్లు పోతున్నాయి. మూడు నిమిషాల ముందు దించిన పాస్తా ఓవెన్‌లో కూర్చుని సాస్‌లోని నీళ్లు తాగుతుంది, ఈ 250 గ్రాముల లెక్కకు సుమారు 80 నుంచి 100 మి.లీ. మూత లేని గిన్నె పైనుంచి కొంత ఆవిరవుతుంది. ఇవి రెండూ అయ్యాక, చల్లారే కొద్దీ మైదా సాస్ తనంతట తానే బిగుసుకుంటుంది. కాబట్టి ఓవెన్‌లో పెట్టే ముందు సాస్ దోసె పిండి కంటే ఒక మెట్టు పలుచగా ఉండాలి. గిన్నెను వంచితే పాస్తా చుట్టూ సాస్ పారాలి. అలా లేకపోతే దాచిన నీళ్లు 50 మి.లీ. చొప్పున కలపండి.

ఎల్లిగడ్డ_కారం:
బేకర్ అన్న లెక్క మంచిగుంది. పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక చూడాలె. డ్యూరం గోధుమ రవ్వ అని ఉంటే ఓవెన్ల బిర్రుగ నిలుస్తది. ఉత్త రవ్వ అనో, మైదా అనో ఉంటే అది మామూలు గోధుమది, తొందరగ మెత్తవడ్తది. అసొంటిది దొరికితే మూడు నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు ముందు దించుర్రి. కిరాణా దుకాణంల విడిగ అమ్మే రంగురంగుల పాస్తా బేకింగ్‌కు పెట్టకుర్రి, సాస్ల కరిగినట్టే అయితది.

ఇంకోటి, వంపినంక సల్లటి నీళ్లతోని కడగాలె. లేకుంటే వేడికి ఇంక ఉడుకుతనే ఉంటది.

సుబేదారి_బేకర్:
> వంపినంక సల్లటి నీళ్లతోని కడగాలె
ఇది ఒప్పుకోను. కడిగితే పైనున్న గంజి పోతుంది, సాస్ పట్టుకోకుండా జారి అడుగుకు దిగుతుంది. సాస్ ముందే సిద్ధంగా ఉంటే వంపిన వెంటనే కలిపేయడమే. సాస్ ఆలస్యమయ్యేటట్టు ఉంటే వెడల్పు పళ్లెంలో పలుచగా పరిచి టీస్పూన్ నూనె రాస్తే చాలు.

ఎల్లిగడ్డ_కారం:
రెండు కిలోలు, మూడు కిలోలు ఒక్క గంజుల ఉడకవెట్టేటోళ్లు పళ్లెంల ఎక్కడ పరుస్తరన్నా? ఫంక్షన్ వంటకు కడుగుడే దిక్కు. ఇంట్ల పావుకిలోకు మీ మాట సరే.

పాలలెక్క:
నూనె తేలడం గురించి. చీజ్ అంటే కేసీన్ అనే ప్రొటీన్ అల్లిక, దాని సందుల్లో కొవ్వు, నీరు. వేడి మరీ ఎక్కువైతే ప్రొటీన్ బిగుసుకుని కొవ్వును బయటికి పిండేస్తుంది. మీరు చూసే పసుపు నూనె అదే. మరుగుతున్న సాస్‌లో చీజ్ వేయడం, వేశాక మళ్లీ మరిగించడం, ఓవెన్‌లో అవసరానికి మించి ఉంచడం, ఈ మూడే దాదాపు అన్నిసార్లూ కారణం. సాస్ 70 డిగ్రీల దగ్గరికి దిగాక చీజ్ కలిపితే చాలు, కరగడానికి ఆ వేడి సరిపోతుంది.

చెడ్డర్ లాంటి ముదిరిన చీజ్ ముందుగా విరుగుతుంది. ప్రాసెస్డ్ చీజ్ అంత తొందరగా విరగదు, ఎందుకంటే అందులో సిట్రేటు, ఫాస్ఫేటు లవణాలు కలుపుతారు. ప్యాకెట్ మీద ఎమల్సిఫయర్ అని రాసేది వాటినే. అవి కాల్షియంను పట్టుకుని కొవ్వు, నీరు విడిపోకుండా ఆపుతాయి. అందుకే సాస్‌లో ప్రాసెస్డ్, పైన మోజరెల్లా అన్న బేకర్ గారి పంపకం సరైనది. చెడ్డర్ రుచి కావాలంటే సాస్‌లోని 125 గ్రాముల్లో 50 గ్రాములు చెడ్డర్, మిగతాది ప్రాసెస్డ్ పెట్టండి. సాగేది మోజరెల్లా, రుచి ఇచ్చేది మిగతా చీజ్. మోజరెల్లా ఒక్కటే వేసి చప్పగా ఉందంటే తప్పు దానిది కాదు.

పాల విషయంలో ఒక మాట. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం. బటర్, రెండు రకాల చీజ్ ఉన్న వంటకానికి 3 శాతం చాలు. ఇంటి బర్రె పాలు వాడేవాళ్లు కాచి చల్లార్చి మీగడ తీసేయండి. లేకపోతే ఏ తప్పూ జరగకపోయినా నూనె కనిపిస్తుంది.

ప్యాకెట్ వెనుక పదార్థాల్లో వెజిటబుల్ ఆయిల్ లేదా వెజిటబుల్ ఫ్యాట్ కనిపిస్తే అది చీజ్ కాదు, అనలాగ్, అంటే చీజ్‌లా కనిపించేలా చేసిన వేరే సరుకు. ధర తక్కువ, కరిగినప్పుడు బాగానే కనిపిస్తుంది, చల్లారితే మైనం. పిల్లలు తినేదానికి అది కొనకండి.

జగిత్యాల_చెల్లె:
మోజరెల్లా బదులు పనీర్ తురిమి పైన చల్లితే నడుస్తదా? మా దగ్గర పనీర్ తాజాది రోజూ దొరుకుతది.

పాలలెక్క:
కరగదు చెల్లీ. పనీర్ నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొట్టి చేసేది. ఆ పులుపుకు ప్రొటీన్‌లోని కాల్షియం చాలావరకు పోతుంది, వేడి చేస్తే సాగదు, ఎండి పొడిపొడిగా మాడుతుంది. లోపల ముక్కలుగా 100 గ్రాములు వేసుకో, బాగుంటుంది. పైన మాత్రం మోజరెల్లా, లేదంటే ప్రాసెస్డ్ చీజే తురుము.

శాకాహారులకు: విదేశీ పర్మిజాన్ చల్లమని చాలా రెసిపీలు చెప్తాయి. అసలైన ఇటలీ పర్మిజానో రెజానో దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) తోనే చేస్తారు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనండి.

కాజీపేట_కరెంట్:
ఓవెన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 1500 వాట్ల ఓటీజీ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు పెట్టొద్దు, ప్లగ్గు వేడెక్కి నల్లబడతది. 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌కే పెట్టాలె, మధ్యల ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

లో వోల్టేజీ ఉన్న ఊళ్లల్ల రెసిపీ టైములు పనిచేయవు. రాడ్ వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటది. 230 ఉండాల్సిన చోట 200 వస్తే 1500 వాట్ల రాడ్ సుమారు 1130 వాట్లే ఇస్తది, 190 వస్తే 1020. థర్మోస్టాట్ ఎప్పటికో 200 డిగ్రీలకు తీసుకుపోతది కానీ రాడ్ ఎర్రగ కాలదు, పైన రంగు రాదు. రంగు రాలేదని ఇంకో పది నిమిషాలు ఉంచుతరు, లోపల సాస్ ఇంకిపోతది. ఎండిపోయిందన్న ఫిర్యాదుల వెనక సగం ఇదే. అసొంటి చోట ప్రీహీట్ 10 నిమిషాలు కాదు, 20 నిమిషాలు చెయ్యాలె. సాయంత్రం అందరి మోటర్లు, ఏసీలు నడిచే టైం తప్పించి మధ్యాహ్నమే బేక్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఓటీజీ డయల్‌ను కూడా పూర్తిగ నమ్మకుర్రి. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే, డయల్ 200 అన్నప్పుడు లోపల నిజంగ ఎంతుందో తెలుస్తది.

సుబేదారి_బేకర్:
కరెంట్ అన్న చెప్పింది ముఖ్యం. వోల్టేజీ బాగుంటే నా లెక్క ఇది: పాస్తా, సాస్ రెండూ వేడిగా ఉన్నప్పుడే కలిపి, 200 డిగ్రీలకు కాగిన ఓవెన్‌లో మధ్య అరలో, రెండు రాడ్లూ వేసి 15 నుంచి 18 నిమిషాలు. లోపల ఉడకాల్సింది ఏమీ లేదు, చీజ్ కరిగి అంచుల్లో బుడగలు రావడమే లెక్క. చివరి మూడు నిమిషాలు పై అరకు మార్చి పై రాడ్ ఒక్కటే వేస్తే మచ్చలు పడతాయి.

పాలలెక్క:
గాజు గిన్నెతో ఆ చివరి పని చేయించకండి. బేకింగ్ గాజును పై రాడ్‌కు దగ్గరగా నేరు వేడిలో పెట్టొద్దని తయారీదారులే రాస్తారు. పై అర, పై రాడ్ స్టీల్ ట్రేకు మాత్రమే. గాజు గిన్నె మధ్య అరలోనే ఉండనివ్వండి, రంగు కోసం బ్రెడ్ పొడి ఉంది కదా. ఓవెన్‌లోంచి తీసిన గాజు గిన్నెను నేరుగా గ్రానైట్ బండ మీద పెట్టొద్దు. కరీంనగర్ బండ ఎంత అందంగా ఉన్నా చల్లగా ఉంటుంది, తడి ఉంటే మరీ ప్రమాదం. మడిచిన పొడి గుడ్డ మీదో, చెక్క పీట మీదో దించండి.

సుబేదారి_బేకర్:
సరే, ఆ సవరణ కలుపుకోండి.

జగిత్యాల_చెల్లె:
ఓవెన్ లేనోళ్లు ఏం చేయాలె? గ్యాస్ పొయ్యి మీద అయితదా?

ఎల్లిగడ్డ_కారం:
అయితది. సర్వపిండికి వాడే అసొంటి మందపు అడుగు గంజు, లేకుంటే పాత కుక్కర్ తీసుకో. కుక్కర్ అయితే గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలె, మర్సిపోవద్దు. అడుగున అర కిలో దొడ్డుప్పు పరిచి, మీద స్టాండ్ పెట్టి, మూత పెట్టి నడిమి మంట మీద పది నిమిషాలు కాగనియ్యి. తర్వాత స్టీల్ గిన్నెల సర్దిన పాస్తా స్టాండ్ మీద పెట్టి, మంట తగ్గించి 20 నిమిషాలు. నాన్‌స్టిక్ గిన్నె మాత్రం ఉత్తగ కాల్చొద్దు, పూత పాడైతది, పొగ మంచిది కాదు. స్టాండ్ మీద గాజు గిన్నె కూడ పెట్టకు.

మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలు చీజ్ మీద పడ్తది, అందుకే మూత అర అంగుళం వారగ పెట్టాలె. ఇంక ఇందుల పైన ఎర్రగ కాదు, వేడి అంతా కిందికెళ్లి వస్తది. దానికి ఉపాయం ఉన్నది. బ్రెడ్ పొడిని పెనం మీద బటర్ల ముందే ఎర్రగ వేయించి, దించినంక పైన చల్లు. కరకర అదే వస్తది. లో వోల్టేజీ ఓవెనోళ్లకు కూడ ఇదే మందు.

మిర్చియార్డు:
కారం సంగతి ఎవరూ ఎత్తలేదేంది, వరంగల్లోళ్లయ్యుండి? వట్టి మిరియాలతోని చప్పగుంటది. చపాట మిర్చి వాడి చూడుర్రి, 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాట. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, పిల్లలు కూడ తింటరు. పైన చెప్పిన లెక్కకు ఎండినయి నాలుగు తీసుకుని, తొడిమె, గింజలు తీసి వేడి నీళ్లల్ల 20 నిమిషాలు నానవెట్టి మెత్తగ రుబ్బాలె. అది సాస్ల చివరికి కలిపితే పచ్చి వాసన వస్తది, రంగు కూడ సరిగ పట్టదు. మిర్చి ఎరుపు నూనెల కరిగేది. అందుకే బటర్ల మైదా కంటే ముందు ముద్ద వేసి, నీరు ఇంకి బటర్ ఎర్రవడేదాక వేయించి, అప్పుడు మైదా వెయ్యాలె. సాస్ అంతా నారింజ రంగుకు తిరుగుతది.

తేజ మిర్చి ఇట్ల వాడకుర్రి. అది ఘాటుకు పెట్టింది పేరు. నాలుగు తేజ అంటే పాస్తా ఎవరూ ముట్టరు.

నక్కలగుట్ట_వంటిల్లు:
చపాట ఆలోచన బాగుంది. టమాట కూడా కలిపి పింక్ సాస్ చేస్తే? పాలు విరగవా?

పాలలెక్క:
క్రమం మారితే విరుగుతాయి. టమాటలో పులుపు ఉంది, నాటు టమాటలో ఇంకా ఎక్కువ. పచ్చి టమాట రసం వేసి దాని మీద పాలు పోస్తే గింజలు గింజలుగా అవుతాయి. నాలుగు టమాటలు (300 గ్రాములు) విడిగా నూనెలో ఎల్లిగడ్డతో దగ్గరపడేదాకా ఉడికించండి, నూనె వదలాలి, గరిటెతో గీస్తే అడుగు కనిపించాలి. మైదాతో చిక్కబడిన వైట్ సాస్ మంట మీంచి దించాక ఈ ముద్దను కొంచెం కొంచెంగా కలపండి. మైదా గంజి పాల ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది, అందుకే ఈ వరసలో విరగదు. కలిపాక మళ్లీ మరిగించొద్దు. టమాట వేసినప్పుడు పాలు 550 మి.లీ.కి తగ్గించండి.

సుబేదారి_బేకర్:
కూరగాయల నీళ్ల గురించి కూడా చెప్పాలి. క్యాప్సికం, పుట్టగొడుగులు పచ్చివి వేస్తే ఓవెన్‌లో నీళ్లు వదులుతాయి, అడుగున సాస్ విరిగినట్టు పలుచగా కనిపిస్తుంది. పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి, నీరు ఇంకాకే కలపాలి. పాలకూర వేస్తే వేయించి గట్టిగా పిండాలి. చికెన్ అయితే బోన్‌లెస్ 200 గ్రాములు ముందే పూర్తిగా ఉడికినది కావాలి. 15 నిమిషాల బేకింగ్‌లో పచ్చి చికెన్ లోపలిదాకా ఉడకదు.

ఎల్లిగడ్డ_కారం:
మక్కల గురించి ఒక మాట. మన చేన్లల్ల పండే మక్క ముదిరితే ఎంత ఉడకవెట్టినా పంటికి గట్టిగ తాకుతది. స్వీట్ కార్న్ అన్న తీసుకోవాలె, లేకుంటే పాలుగారే లేత కంకులన్న ఒలవాలె. గోరుతోని గుచ్చితే తెల్లటి పాలు రావాలె.

పరకాల_పిల్లగాడు:
మోజరెల్లా మా దగ్గర దొరకది, హన్మకొండకెళ్లి తెచ్చుకోవాలె. ఎండాకాలం బస్సుల తెస్తే పాడైతదా?

పాలలెక్క:
మే ఎండలో గంట ప్రయాణమంటే మెత్తబడి కొవ్వు బయటికి వస్తుంది, ప్యాకెట్‌లో ముద్దవుతుంది తమ్మీ. షాపులో గడ్డకట్టిన ప్యాకెట్టే అడుగు. నాలుగు పొరల న్యూస్ పేపర్‌లో చుట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి పక్కన పెట్టి సంచిలో తీసుకురా. ఇంటికి రాగానే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకు, కింది అరలో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేసేయ్. కరిగి మళ్లీ గడ్డకడితే అల్లిక చెడి, కాల్చినప్పుడు నీళ్లు వదులుతుంది. తురమడానికి మెత్తగా ఉంటే అప్పటికప్పుడు 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టడం వేరు, దానికి ఏమీ కాదు.

నక్కలగుట్ట_వంటిల్లు:
పొద్దున్నే సర్ది ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం బేక్ చేయొచ్చా? మిగిలితే ఎన్ని రోజులు ఉంటుంది?

సుబేదారి_బేకర్:
చేయొచ్చు, కానీ పాలు 750 మి.లీ. చేయండి, పగలంతా పాస్తా తాగుతూనే ఉంటుంది. పై చీజ్, బ్రెడ్ పొడి బేక్ చేసే ముందే వేయండి. చల్లటి గాజు గిన్నెను కాగిన ఓవెన్‌లో పెడితే పగలొచ్చు, అరగంట ముందు తీసి బయట పెట్టండి. అల్యూమినియం ఫాయిల్ కప్పి 170 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, ఫాయిల్ తీసి 200 దగ్గర ఇంకో 10. ఫాయిల్ చీజ్‌కు తగిలితే చీజ్ అంతా దానితోనే వచ్చేస్తుంది, గుడారంలా పైకి లేపి కప్పండి. అప్పటికప్పుడు వేడిగా చేసేవాళ్లకు ఫాయిల్ అక్కర్లేదు.

బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, మన ఎండాకాలంలో గంటే. ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. వేడి చేసేటప్పుడు ఒక్కో ప్లేటుకు రెండు టేబుల్ స్పూన్ల పాలు చల్లి మూత పెట్టి వేడి చేయండి. పాలు లేకుండా మైక్రోవేవ్‌లో పెడితే మీరు అడిగిన పసుపు నూనె మళ్లీ తేలుతుంది.

మిర్చియార్డు:
ఎయిర్ ఫ్రయర్ల పెట్టెటోళ్లు బ్రెడ్ పొడిని గరిటెతోని అదిమి పెట్టుర్రి. ఫ్యాన్ గాలికి లేచి పై కాయిల్‌కు అంటుకుని మాడ్తది. చిన్న టిన్నుల 170 డిగ్రీలు, 8 నిమిషాలు చాలు.

నక్కలగుట్ట_వంటిల్లు:
చివరి ప్రశ్న. గాజు గిన్నె, స్టీల్ ట్రే ఒకేసారి పెట్టాలా, ఒకదాని తర్వాత ఒకటా?

కాజీపేట_కరెంట్:
28 లీటర్ల డబ్బాల రెండు అరలూ నింపితే కిందిదానికి పై వేడి అందది, పైదానికి కింది వేడి అందది. ఒకటి తర్వాత ఒకటి.

సుబేదారి_బేకర్:
ముందు గాజు గిన్నె పెట్టండి. గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది కానీ బయటికి తీశాక చాలాసేపు వేడి నిలుపుకుంటుంది. ఎలాగూ వడ్డించే ముందు పది నిమిషాలు ఆగాలి, లేకపోతే సాస్ ప్లేటంతా పారుతుంది. ఈలోపు స్టీల్ ట్రే ఓవెన్‌లోకి వెళ్తుంది. మీది మరీ లోతు లేని ట్రే అయితే అది ఇంకా తొందరగా అవుతుంది, 12వ నిమిషం నుంచే తలుపు తీయకుండా అద్దంలోంచి చూస్తుండండి. ఆ రెండో ట్రే కోసం కలిపి పెట్టిన సాస్ ఈ ఆగడంలో చిక్కబడి ఉంటుంది, పెట్టే ముందు దాచిన పాస్తా నీళ్లు 50 మి.లీ. కలపండి. చీజ్ మాత్రం ఆ తర్వాతే పైన చల్లండి.